నంబరు అదే, లోపలి సిలికాన్ వేరు

ఆంప్లిఫయర్ రిపేరులో పాత పద్ధతి ఒకటే: పోయిన పార్టు మీద నంబరు చదివి, అదే నంబరున్న కొత్తది తెచ్చి వేయడం. 2ఎన్3055 పోతే 2ఎన్3055, టీఎల్072 పోతే టీఎల్072. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో మైక్ సెట్లు అద్దెకిచ్చేవాళ్లూ వాటిని బాగుచేసే మెకానిక్కులూ దశాబ్దాలుగా ఈ పద్ధతి మీదే ఆధారపడ్డారు. చాలాసార్లు అది పనిచేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం కొత్త పార్టు వేసిన సెట్టు పాట పెట్టకముందే వేడెక్కిపోతుంది, లేదా బాకాల్లోంచి ఇదివరకు లేని బుస మొదలవుతుంది. పార్టు కంపెనీదే, సోల్డరింగ్ కూడా బాగానే ఉంటుంది. ఆ నంబరు కిందే తయారీదారు లోపలి సిలికాన్‌ను మార్చేసి ఉంటాడు.

కోనసీమలో ఈ సంగతి చిన్నది కాదు. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువు తీరినా, భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో నరసింహస్వామి రథోత్సవం జరిగినా, ఊరూరా చవితి పందిళ్లు వెలిసినా మైక్ సెట్టు ఉండాల్సిందే. ఆ ఒక్క రోజు సెట్టు ఆగితే అద్దె పోవడమే కాదు, వచ్చే ఏడు ఆ పందిరి ఇంకొకరి చేతికి వెళుతుంది. పైగా ఈ సెట్లలో చాలావాటికి వయసెక్కువ. జనరేటరు మీద నడుస్తాయి, సముద్రపు ఉప్పుగాలినీ కాలవల తేమనూ తట్టుకుంటాయి, ఎన్నో చేతుల్లో రిపేరవుతూ వస్తాయి. పార్టు మారితే ముందుగా దెబ్బతినేది ఇలాంటి పాత సర్క్యూట్లే.

అసలు పార్టు మీది నంబరు దేనికి హామీ ఇస్తుందో ముందుగా చూడాలి. 2ఎన్ అని మొదలయ్యే నంబర్లను అమెరికాలోని జెడెక్ సంస్థ నమోదు చేస్తుంది. ఇంత వోల్టేజీకి తట్టుకోవాలి, ఇంత కరెంటు మోయాలి, గెయిన్ కనీసం ఇంత ఉండాలి అని అందులో హద్దులు రాసి ఉంటాయి. ఆ హద్దులు దాటకుండా ఎవరు తయారుచేసినా అదే నంబరు వేసుకోవచ్చు. లోపల సిలికాన్‌ను ఏ పద్ధతిలో పేర్చాలన్న నిబంధన లేదు. బీసీ, బీడీ అని మొదలయ్యే యూరప్ నంబర్లూ, 2ఎస్‌సీ, 2ఎస్ఏ అనే జపాన్ నంబర్లూ దాదాపు ఇంతే. టీఎల్, ఎన్ఈ, ఎల్ఏ వంటి ఐసీ పేర్లు మొదట ఒక కంపెనీవి; తర్వాత ఎన్నో కంపెనీలు అవే పేర్లతో తయారుచేశాయి. చిక్కంతా కనిష్ఠ హద్దుల దగ్గరే వస్తుంది. ట్రాన్సిస్టర్ వేగం కనీసం ఇంత ఉండాలని డేటాషీట్ చెబుతుంది, గరిష్ఠం ఎంతో చెప్పదు. కాబట్టి వేగం మూడింతలైనా కాగితం మీద అది పాత పార్టే. సర్క్యూట్‌కు మాత్రం అది కొత్త చుట్టం.

దీనికి 2ఎన్3055ను మించిన ఉదాహరణ లేదు. 1960ల తొలినాళ్లలో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ తెచ్చిన ఈ పవర్ ట్రాన్సిస్టర్, టీవో-3 అనే లోహపు డబ్బాలో ప్రపంచమంతా తిరిగింది. 60 వోల్టులు, 15 ఆంపియర్లు, 115 వాట్లు దాని హద్దులు. మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్, ఢిల్లీ కాంటినెంటల్ డివైస్ ఇండియా కూడా దీన్ని తయారుచేశాయి. మైక్ ఆంప్లిఫయర్లు, స్టెబిలైజర్లు, బ్యాటరీ ఎలిమినేటర్లు, ఇన్వర్టర్లు: ఒక తరం మెకానిక్కులకు 'త్రీ జీరో డబుల్ ఫైవ్' ఇంట్లో మనిషి పేరంత పరిచయం.

మొదటి 2ఎన్3055ను హోమ్‌టాక్సియల్ అనే పద్ధతిలో చేసేవారు. ఒకే సిలికాన్ పలక మధ్య భాగాన్ని బేస్‌గా ఉంచి, రెండు వైపుల నుంచీ ఒకేసారి ఎమిటర్, కలెక్టర్ పొరలు ఏర్పడేలా రసాయనాలను వ్యాపింపజేసేవారు. బేస్ మందంగా ఉండటంతో ఎలక్ట్రాన్లు దాన్ని దాటడానికి సమయం పట్టేది, వేగం ఒక మెగాహెర్ట్జ్ దరిదాపుల్లోనే ఆగిపోయేది. ఆ మందమే దానికి రక్ష కూడా. కరెంటు పలకంతా సమంగా పరుచుకునేది, ఒకేచోట పోగై అక్కడ సిలికాన్ కాలిపోవడం అరుదు. అలా ఒక బిందువు దగ్గర వేడి పేరుకుని ట్రాన్సిస్టర్ షార్ట్ కావడాన్ని సెకండ్ బ్రేక్‌డౌన్ అంటారు. పాత 3055 దానికి లొంగని మొండి ఘటం.

1970ల మధ్య నుంచి ఎపిటాక్సియల్ పద్ధతి దాని చోటు ఆక్రమించింది. పలక మీద సన్నటి పొరను పెంచి అందులో బేస్ ఏర్పరుస్తారు. ఖర్చు తగ్గింది, వేగం కనీసం 2.5 మెగాహెర్ట్జ్‌కు చేరింది. గెయిన్, వోల్టేజీ, వాట్ల అంకెలు చెక్కుచెదరలేదు, నంబరూ మారలేదు. మారిన దాన్ని డేటాషీట్‌లో ఒక మూలన వెతుక్కోవాలి. ఎపిటాక్సియల్ 3055కు సెకండ్ బ్రేక్‌డౌన్ హద్దు 40 వోల్టుల దగ్గర 2.87 ఆంపియర్లు, అంటే దాదాపు 115 వాట్లు. 40 వోల్టులు దాటాక అది మోయగల భారం వేగంగా పడిపోతుంది. పాత రకం ఆ 115 వాట్ల భారాన్ని తన 60 వోల్టుల హద్దు దాకా దాదాపుగా మోసేది.

ఈ తేడా అన్ని సెట్లలోనూ ప్రమాదం కాదు. 12 వోల్టుల బ్యాటరీ మీద, డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి రెండు 3055లతో నడిచే పాత పుష్-పుల్ సెట్టులో ఒక్కో ట్రాన్సిస్టర్ మీద వోల్టేజీ మామూలుగా సప్లైకి రెట్టింపు, అంటే 24 వోల్టుల దాకా వెళుతుంది. 40 వోల్టులకు అది చాలా దూరం. అక్కడ ఏ కంపెనీ అసలైన 3055 వేసినా వోల్టేజీ భయం పెద్దగా ఉండదు. 60 వోల్టుల దాకా సప్లై ఉన్న కరెంటు సెట్టు సంగతి వేరు. పొడవాటి లైనుకు బాకాలు వేలాడదీసినప్పుడు వోల్టేజీ, కరెంటు ఒకే సమయంలో ఎక్కువగా ఉండే ఘట్టాలు వస్తాయి. ఎక్కడో వైరు నలిగి షార్టయితే ఇక చెప్పనక్కర్లేదు. అటువంటి సెట్టులో 3055 బదులు అంతకంటే వోల్టేజీ హద్దు ఎక్కువున్న ట్రాన్సిస్టర్ వేయడం, లేదా రెండింటి చోట నాలుగు పెట్టి భారం పంచడం మేలు.

ఇంకా ఎక్కువగా కనబడేది వేగం తెచ్చే జబ్బు. ఆంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ నుంచి కొంత సంకేతాన్ని వెనక్కి పంపి తప్పులు సరిచేస్తారు. ఆ వెనక్కి పంపే దారిలో ఆలస్యం ఒక హద్దు దాటితే సరిదిద్దడం కాస్తా ఎగదోయడమవుతుంది, సర్క్యూట్ తనంతట తనే ఊగడం మొదలుపెడుతుంది. పాత డిజైనర్లు నెమ్మది ట్రాన్సిస్టర్‌కు సరిపడేలా ఆ దారిని కొలిచి కట్టారు. అందులో వేగమైనది వేస్తే లెక్క తప్పి, చెవికి వినిపించని ఎత్తు ఫ్రీక్వెన్సీలో ఊగుడు పుడుతుంది. పాట బాగానే వినిపిస్తుంటుంది. హీట్‌సింక్ మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, అవుట్‌పుట్ దగ్గరి చిన్న రెసిస్టర్ నల్లబడుతుంది, ట్వీటర్ కాలిపోతుంది. మెకానిక్ ఇంకో 3055 మారుస్తాడు, అదీ పోతుంది. తప్పు పార్టుది కాదు, ఆ పార్టుకూ ఆ సర్క్యూట్‌కూ పొసగకపోవడానిది.

దీన్ని పట్టుకోవడానికి ఆసిలోస్కోప్ ఉంటే క్షణం పని. లేకపోయినా దారులున్నాయి. కొత్త పార్టు వేశాక సెట్టును నేరుగా కరెంటుకు పెట్టకుండా సిరీస్ బల్బు మీద పెట్టాలి. 60 లేక 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు ఒకసారి వెలిగి, కెపాసిటర్లు నిండాక మసకబారాలి. స్పీకర్ కట్టకుండా, పాట లేకుండా కూడా బల్బు వెలుగుతూనే ఉంటే లోపల ఏదో కరెంటు తాగుతోందన్నమాట. రెండో పరీక్ష ఎమిటర్ రెసిస్టర్ మీద మిల్లీవోల్టులు చూడటం. 0.22 ఓమ్ రెసిస్టర్ మీద 22 మిల్లీవోల్టులు కనబడితే 100 మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు. పాట లేనప్పుడు ఈ అంకె సెట్టు అసలు లెక్క కంటే బాగా ఎక్కువున్నా, చెయ్యి దగ్గరికి తీసుకెళ్లగానే మారిపోతున్నా ఊగుడును అనుమానించాలి.

నివారణకయ్యే ఖర్చు కొద్ది రూపాయలే. ట్రాన్సిస్టర్ బేస్ కాలికి వీలైనంత దగ్గరగా 2.2 నుంచి 10 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే చాలా ఊగుళ్లు ఆగిపోతాయి. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 10 ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా ఉన్నాయో లేదో చూడాలి. పాత సెట్లలో అవి కాలిపోయో, ఎవరో తీసేసో ఉండటం మామూలు. డ్రైవర్‌కు ముందున్న గెయిన్ ట్రాన్సిస్టర్ మీది పికోఫారడ్ కెపాసిటర్‌ను కొంచెం పెంచడం చివరి ఉపాయం. దానితో పై స్వరాలు కొంత తగ్గవచ్చు, కానీ బాకాల మీద అది తెలియదు. జతలో ఒకటి పోతే రెండూ మార్చాలి, అవి ఒకే కంపెనీవి, ఒకే లాటువి కావాలి. ఒక పక్క పాత నెమ్మది 3055, మరో పక్క కొత్త చురుకు 3055 ఉంటే భారం రెండింటి మీదా సమంగా పడదు.

3055 మార్పు పాత కథ. టీఎల్072ది నడుస్తున్న కథ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1978లో తెచ్చిన ఈ ఎనిమిది కాళ్ల ఐసీలో రెండు ఆంప్లిఫయర్లుంటాయి. మిక్సర్లు, ఎకో యూనిట్లు, బాస్-ట్రెబుల్ బోర్డులు, గిటార్ పెడళ్లు, అన్నిటా అదే. దశాబ్దాల పాటు దాని డేటాషీట్‌లో అంకెలు స్థిరంగా ఉన్నాయి: వేగం 3 మెగాహెర్ట్జ్, స్లూ రేటు మైక్రోసెకనుకు 13 వోల్టులు, శబ్దం రూట్ హెర్ట్జ్‌కు 18 నానోవోల్టులు. ఈమధ్య సంవత్సరాల్లో చివర హెచ్ చేర్చిన కొత్త రకం వచ్చింది. దాని వేగం 5.25 మెగాహెర్ట్జ్, స్లూ రేటు 20 వోల్టులు, శబ్దం 37 నానోవోల్టులు. తర్వాతి సవరణల్లో హెచ్ లేని పాత పేర్లలో చాలావాటికి కూడా కొత్త సిలికాన్ అంకెలే వచ్చి చేరాయి.

కొత్తది చెడ్డ ఐసీ ఏమీ కాదు. కరెంటు తక్కువ తాగుతుంది, ఇన్‌పుట్ తప్పు చిన్నది. పాత టీఎల్072కు ఇన్‌పుట్ నెగటివ్ సప్లై దగ్గరికి పోతే అవుట్‌పుట్ ఒక్కసారిగా తలకిందులయ్యే దుర్గుణం ఉండేది. కొత్తదాంట్లో అది లేదు. కానీ శబ్దం రెట్టింపయింది, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ. ఇది ఎక్కడ తేలుతుందో, ఎక్కడ తేలదో లెక్క కట్టవచ్చు. లక్ష ఓమ్‌ల రెసిస్టర్ తనంతట తనే దాదాపు 41 నానోవోల్టుల శబ్దం పుట్టిస్తుంది. అంత రెసిస్టెన్స్ ఉన్న టోన్ కంట్రోల్ బోర్డులో పాత ఐసీతో మొత్తం శబ్దం 45, కొత్తదానితో 55. తేడా 2 డెసిబెల్స్ లోపే. పందిట్లో అది ఎవరికీ వినపడదు. మైకు నేరుగా వచ్చి తాకే మొదటి దశలో మాత్రం తేడా పూర్తిగా బయటపడుతుంది. 200 ఓమ్‌ల డైనమిక్ మైకు పుట్టించే శబ్దం 2 నానోవోల్టుల లోపే కాబట్టి అక్కడ వినిపించేదంతా ఐసీ బుసే.

నిజానికి ఆ చోట టీఎల్072 ఎప్పుడూ సరైన ఎంపిక కాదు. 5 నానోవోల్టుల శబ్దమున్న ఎన్ఈ5532 అక్కడికి తగినది. అలాగని కనబడిన ప్రతి టీఎల్072 తీసి 5532 వేయడం కూడా పొరపాటే. దాని ఇన్‌పుట్ సాధారణంగా 200 నానోఆంపియర్ల కరెంటు లాగుతుంది. లక్ష ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ మీద అది 20 మిల్లీవోల్టులవుతుంది, దానితో నాబ్ తిప్పిన ప్రతిసారీ గరగర వినిపిస్తుంది. సప్లై నుంచి లాగే కరెంటు కూడా టీఎల్072కు దాదాపు మూడింతలు. చిన్న జీనర్ మీద నడిచే మిక్సర్‌లో నాలుగు చోట్ల 5532 వేస్తే ఆ జీనర్ మీద వోల్టేజీ నిలబడదు. వేగం పెరిగిన కొత్త టీఎల్072 వేసినప్పుడు సప్లై కాళ్ల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. పొడవు కేబుల్‌కు వెళ్లే అవుట్‌పుట్‌లో 47 నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ వరసగా చేర్చాలి.

కంపెనీలు ఇలా ఎందుకు మారుస్తాయి? చాలా వరకు కార్ఖానాల కారణంగా. పాత ఆడియో ఐసీలు 150 మిల్లీమీటర్ల సిలికాన్ పలకల మీద తయారయ్యేవి. తన చివరి రెండు 150 మిల్లీమీటర్ల కార్ఖానాలను 2023, 2025 మధ్య మూసేస్తామని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2020లో ప్రకటించింది. కొత్త కార్ఖానాలవి 300 మిల్లీమీటర్ల పలకలు. ఒక్కో పలక వైశాల్యం నాలుగింతలు, అందువల్ల ఒక్కో ఐసీ ఖర్చు బాగా తగ్గుతుంది. 1978 నాటి డిజైన్‌ను కొత్త యంత్రాల మీద యథాతథంగా అచ్చు వేయలేరు. తిరిగి డిజైన్ చేయాలి, లేదంటే ఆ ఐసీనే ఆపేయాలి. ఆపేయడంతో పోలిస్తే తిరిగి చేయడమే నయం. కాబట్టి తప్పుబట్టాల్సింది మార్పును కాదు, పాత పేరు కిందే కొత్తదాన్ని అమ్మడాన్ని.

కంపెనీలు చెప్పకుండా మార్చవు కూడా. పార్టు మార్పు గురించి ముందుగా నోటీసు ఇవ్వాలని జెడెక్ ప్రమాణం ఉంది, సాధారణంగా కొత్త సరుకు పంపడానికి 90 రోజుల ముందు. ఆ నోటీసు వెళ్లేది నేరుగా కొనే పెద్ద కంపెనీలకూ డిస్ట్రిబ్యూటర్లకూ. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకున్న సరుకు చేత పట్టుకున్న అమలాపురం మెకానిక్‌కు అది చేరదు. 'గుట్టుగా మార్చారు' అనే మాట పుట్టేది ఈ దూరం వల్లే.

పేరు మార్చి మర్యాద పాటించిన ఉదాహరణ కూడా ఉంది. నేటి పెద్ద సెట్లలో కనబడే 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 జత తోషిబా సృష్టి: 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు. చిన్న పెట్టెలో వచ్చినదానికి తోషిబా చివర ఎన్ చేర్చింది, తర్వాతి తరానికి టీటీసీ5200, టీటీఏ1943 అని కొత్త పేర్లే పెట్టింది. కొనేవాడికి తేడా పేరులోనే తెలుస్తుంది. అన్ని కంపెనీలూ ఇలాగే చేయాలి. విచిత్రం ఏమిటంటే ఇదే జతకు నకిలీలు మార్కెట్లో విస్తారం. నకిలీనీ కొత్త డిజైన్‌నూ కలపకూడదు. కొత్త డిజైన్ డేటాషీట్ హద్దులను నిలబెట్టుకుంటుంది, నకిలీ ఏ హద్దునూ నిలబెట్టుకోదు. పోయిన ట్రాన్సిస్టర్‌ను పగలగొట్టి చూస్తే లోపలి సిలికాన్ ముక్క గోరు మీది తెల్లటి చుక్కంతే ఉంటే అది 150 వాట్లు మోసేది కాదని అక్కడే తేలిపోతుంది.

కువైట్, దుబాయ్ నుంచి వచ్చిన టూ ఇన్ వన్‌లతో రాజోలు ప్రాంతపు ఇళ్లలోకి ప్రవేశించిన సాన్యో ఐసీలది ఇంకో దారి. ఎల్ఏ4440, ఎస్‌టీకే మాడ్యూళ్ల పుట్టిల్లయిన సాన్యో సెమీకండక్టర్ 2011లో ఆన్ సెమీకండక్టర్ చేతికి వెళ్లింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే 4440ల్లో చాలావి వేరే తయారీలే. వాటిని చిన్న స్పీకర్లకు వాడుకోవచ్చు. పాత సాన్యో అంకెలను నమ్మి పూర్తి వాల్యూమ్‌లో గంటల తరబడి నడపడం మంచిది కాదు.

వీటన్నిటికీ మెకానిక్ చేతిలో ఉన్న మంచి ఆయుధం నోటుబుక్కు. వేసిన ప్రతి పవర్ ట్రాన్సిస్టర్, ఐసీకి కంపెనీ పేరు, డేట్ కోడ్ రాసుకోవాలి. చాలా కంపెనీల డేట్ కోడ్‌లో మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు వారం. 2231 అంటే 2022లో 31వ వారం. ఒక లాటు తేడా చేస్తే ఆ నంబరే పట్టిస్తుంది. సీజన్‌కు ముందు ఒకే లాటువి పది కొని, రెండు సెట్లలో వేసి రాత్రంతా నడిపి చూసి, మిగిలినవి తేమ తగలని డబ్బాలో దాచుకోవాలి. ఉప్పుగాలికి నల్లబడిన కాళ్లు కొత్త జబ్బులు తెస్తాయి, నేరం మాత్రం పార్టు మీద పడుతుంది. డేటాషీట్‌ను పాత పుస్తకంలో కాకుండా కంపెనీ తాజా ప్రతిలో చూడాలి, చివరి పేజీల్లోని సవరణల పట్టిక తప్పక చదవాలి. మారిన అంకెలన్నీ సాధారణంగా అక్కడే ఉంటాయి.

జిల్లాలోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఆ సవరణల పట్టికలను తెలుగులో ఒక పేజీకి కుదించి ఏడాదికోసారి పండగ సీజన్‌కు ముందు మెకానిక్కులకు అందిస్తే ఎంతో మేలు. పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక అధ్యాపకుడి పూనిక చాలు. సెట్టు యజమానులు చేయాల్సింది కూడా ఒకటుంది: రిపేరయ్యాక తీసేసిన పాత పార్టును అడిగి తీసుకోవాలి, వేసిన కొత్తదాని కంపెనీ పేరు, డేట్ కోడ్ బిల్లు మీద రాయించుకోవాలి.